నోరులేని సైన్యం

చచ్చినవాళ్లను లేపి యుద్ధానికి పంపే మాంత్రికుడు బల్ల దగ్గర కూర్చుని ఆడే కథల ఆటల్లో చాలామందికి ఇష్టమైన శత్రువు. ఆటను అందరికంటే త్వరగా చప్పబరిచేదీ అతడే. అతడి సైన్యాన్ని ఎలా నడపాలి? ఎలా ఓడించాలి? మన జట్టులోనే ఒకరు ఆ మాంత్రికుణ్ని అవుతానంటే ఏం చెయ్యాలి?

బల్ల చుట్టూ అయిదుగురు స్నేహితులు. ఒకరిది దొంగ పాత్ర, ఒకరిది పూజారి, ఒకరిది కత్తి పట్టిన యోధురాలు, ఒకరిది నిప్పులు కురిపించే మాంత్రికుడు. అయిదో మనిషి డంజన్ మాస్టర్, పొట్టిగా డీఎం. కథ నడిపేదీ, శత్రువుల తరఫున పాచికలు వేసేదీ ఆ మనిషే. ‘శ్మశానం తలుపు కిర్రుమంది. లోపల పన్నెండు అస్థిపంజరాలు విల్లు ఎక్కుపెట్టి నిలబడ్డాయి. వాటి వెనక నల్లటి అంగీలో ఒకడు నవ్వుతున్నాడు’ అంటాడు డీఎం. అందరూ కుర్చీల్లో ముందుకు జరుగుతారు.

పది నిమిషాలు గడుస్తాయి. డీఎం తొమ్మిదో అస్థిపంజరం తరఫున పాచిక వేస్తుంటాడు. యోధురాలు ఫోన్ చూసుకుంటోంది. దొంగ టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లాడు. భయం ఎప్పుడో పోయింది, కూడికలు మిగిలాయి.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి ఆటలు నడిపేవాళ్లకు ఈ ఇబ్బంది కొత్త కాదు. ‘స్ట్రేంజర్ థింగ్స్’ నాలుగో సీజన్ 2022లో వచ్చాక వెక్నా పేరు మన ఇళ్లలోనూ వినబడింది. ఆ పేరు ఈ ఆటలోదే. చచ్చినా చావని మహామాంత్రికుడు వెక్నా. అతడి చెయ్యి, కన్ను 1976లోనే ఆట పుస్తకాలకు ఎక్కాయి. ఆ సిరీస్ చూసి ఆటలోకి వచ్చేవాళ్లకు అలాంటి శత్రువుతోనే తలపడాలని ఉండటం సహజం. అందుకే ఈ శత్రువును చక్కగా నడపడం నేర్చుకోవాలి.

ఈ ఆట మనుషుల మాటలతో నడుస్తుంది. ‘నేను తలుపు తంతాను’ అని ఒకరంటారు. ‘తలుపు ఊడింది, కానీ లోపల కుక్క గుర్రుమంటోంది’ అని ఇంకొకరంటారు. ఆ రెండు మాటల మధ్య పుట్టేదే కథ. లేపిన శవం మాట్లాడదు. బేరమాడదు, బెదరదు, లొంగిపోదు. నోరులేని వాటికి వరసగా వంతులిస్తూ నోరున్న స్నేహితుల్ని ఊరికే కూర్చోబెడితే ఆట చచ్చిపోతుంది. కాబట్టి శవసైన్యాన్ని దింపే డీఎం చెయ్యాల్సినవి రెండు. బల్ల దగ్గర ఆ శవాలు తినేసే సమయాన్ని తగ్గించాలి. కథలో వాటికి పోయిన మాటను తిరిగి ఇవ్వాలి.

సర్ ఫాంగ్‌కు విరుగుడు

ఈ తలనొప్పి డంజన్స్ అండ్ డ్రాగన్స్ అచ్చుకాకముందే మొదలైంది. అమెరికాలోని మిన్నెసోటాలో డేవ్ ఆర్నెసన్ 1971 నుంచి ‘బ్లాక్‌మూర్’ అనే కల్పిత సీమలో స్నేహితులతో ఆట నడిపేవాడు. అందులో సర్ ఫాంగ్ అనే రక్తపిశాచి ఉండేవాడు. ఆ పాత్ర ఒక ఆటగాడిది. ఆ పిశాచి బలం పెరిగి మిగతావాళ్లకు కొరకరాని కొయ్య అయ్యాడు. అప్పుడు దొరికిన విరుగుడు ఇంకో పాత్ర: శిలువ పట్టుకుని పిశాచాలను వేటాడే పూజారి. హామర్ సంస్థ డ్రాక్యులా సినిమాల్లో పీటర్ కుషింగ్ వేసిన వాన్ హెల్సింగ్ ఛాయలు అతడిలో ఉన్నాయి.

1974లో గ్యారీ గైగాక్స్, ఆర్నెసన్ పేర్లతో డంజన్స్ అండ్ డ్రాగన్స్ తొలిసారి అచ్చయింది. ఒక పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు, మొదటి ముద్రణ వెయ్యి ప్రతులు. అందులో యోధుడు, మాంత్రికుడితో పాటు మూడో వర్గంగా ఆ పూజారి ‘క్లెరిక్’ అన్న పేరుతో నిలిచాడు. లేచిన శవాలను పారదోలే ‘టర్న్ అన్‌డెడ్’ శక్తి అతడిది. శవాలను లేపే ‘యానిమేట్ డెడ్’ మంత్రమూ అదే పెట్టెలో ఉంది.

యాభై ఏళ్ల కిందటి ఆ పరిష్కారం నాకు ఇప్పటికీ ఆదర్శం. ఒకరి బలం ఆటను మింగేస్తుంటే, ఆ బలాన్ని నరకడంకన్నా దానికి ఎదురునిలిచే పనిని ఇంకో స్నేహితుడికి ఇవ్వడం మేలు. కొందరు డీఎంలకు క్లెరిక్ అంటే కంటు. కష్టపడి సిద్ధం చేసుకున్న సైన్యాన్ని ఒక్క ప్రార్థనతో ఊడ్చేస్తాడని బాధ. 2014 నాటి అయిదో ఎడిషన్ నియమాల ప్రకారం 30 అడుగుల లోపల క్లెరిక్‌ను చూడగల లేదా వినగల ప్రతి శవమూ పాచిక పరీక్షలో తప్పితే పారిపోవాలి. క్లెరిక్ అయిదో లెవెల్‌కు చేరితే అస్థిపంజరం, జాంబీ లాంటి చిన్నవి ఆ పరీక్షలో తప్పగానే నాశనమైపోతాయి. పూజారి పాత్ర ఎంచుకున్న స్నేహితురాలు నెలల తరబడి అందరి గాయాలూ మాన్పుతూ వచ్చింది. ఆమె చెయ్యెత్తగానే ఆరేడు అస్థిపంజరాలు పొడిపొడిగా రాలే క్షణం ఆమె సంపాదించుకున్నది. దాన్ని అడ్డుకోవద్దు. సైన్యాన్ని ఒకేసారి కుప్పగా నిలబెట్టకుండా అలలు అలలుగా పంపితే ఆమెకు ఆ క్షణమూ దక్కుతుంది, మిగతావాళ్లకు పనీ మిగులుతుంది.

పన్నెండు పాచికలు ఎందుకు?

గుంపును గుంపుగానే లెక్కించడం ఈ ఆట వంశంలోనే ఉంది. గైగాక్స్, జెఫ్ పెరెన్ 1971లో తెచ్చిన ‘చెయిన్‌మెయిల్’ బొమ్మల యుద్ధక్రీడ. అందులో పెద్ద పోరాటాలకు ఒక బొమ్మ 20 మంది సైనికులతో సమానం. దాని కడుపున పుట్టిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఒక్కొక్క వీరుడి కథ వైపు తిరిగింది. అందుకే వీరుల కథలోకి మళ్లీ సైన్యం వచ్చినప్పుడు నియమాలు మొరాయిస్తాయి.

మార్గం 2014 డంజన్ మాస్టర్స్ గైడ్‌లోనే ఉంది. ఒక్కో శత్రువుకు పాచిక వెయ్యనక్కర్లేదు. గురి తగలాలంటే ఇరవై ముఖాల పాచికపై ఎంత పడాలో చూసి, ఎంతమంది దాడి చేస్తే ఒక దెబ్బ ఖాయమో పట్టికలో చూసుకుంటే చాలు. మన అస్థిపంజరాలనే తీసుకుందాం. వాటి విల్లుకు దాడి బోనస్ 4. యోధురాలి ఆర్మర్ క్లాస్, అంటే దెబ్బ తగలాలంటే చేరాల్సిన అంకె, 16 అయితే పాచికపై 12 పడాలి. పట్టిక ప్రకారం ప్రతి ఇద్దరిలో ఒకరి బాణం తగులుతుంది. 12 అస్థిపంజరాలకు 6 దెబ్బలు. ఒక్కో బాణానికి సగటున 5 చొప్పున 30 హిట్ పాయింట్లు (ప్రాణబలం) పోతాయి. ఆమె డాలు ఎత్తి ఆర్మర్ క్లాస్‌ను 18కి పెంచుకుంటే ముగ్గురిలో ఒకరిదే తగులుతుంది. 4 దెబ్బలు, 20 పాయింట్లు. డాలు విలువ ఆమెకు అప్పటికప్పుడు అర్థమవుతుంది. ఒక్క పాచికా వెయ్యకుండా పది సెకన్లలో సైన్యం వంతు ముగుస్తుంది.

ఇతర దారులూ ఉన్నాయి. 2008 నాటి నాలుగో ఎడిషన్ ‘మినియన్’లను తెచ్చింది. వాటికి ఒకే ఒక్క హిట్ పాయింట్, ఒక దెబ్బకు ఒకటి రాలుతుంది. పాత్‌ఫైండర్ ఆటలో ‘ట్రూప్’ నియమాలు మొత్తం దండును ఒకే ప్రాణిగా చూస్తాయి. ఏ ఆట ఆడుతున్నా ఈ పద్ధతులు అరువు తెచ్చుకోవచ్చు. పడిపోయేంత దెబ్బతిన్న జాంబీ ఇంకా నిలబడుతుందేమోనని వేసే పరీక్ష ఒక్క జాంబీ ఉన్నప్పుడు గొప్పగా భయపెడుతుంది. ఇరవై ఉన్నప్పుడు విసిగిస్తుంది. గుంపుకు ఒక్క పాచిక వేసి, ఎన్ని నిలిచాయో నిర్ణయించెయ్యండి.

ఇంకో సంగతి. సైన్యం పెద్దదయ్యేకొద్దీ దాన్ని శత్రువుగా కాకుండా నేలగా, వానగా, వరదగా చూపించాలి. వెయ్యి శవాలు కోటగోడ ఎక్కుతుంటే నలుగురు వీరులు వెయ్యింటినీ నరకలేరు. వాళ్లకు వేరే పని ఉండాలి: వంతెన కూల్చడం, బావిలో దాక్కున్న పిల్లల్ని బయటికి చేర్చడం, గంట మోగించడం. ప్రతి వంతుకూ శవాల వరద ఒక మెట్టు పైకొస్తుంది. డీఎం ‘ఇప్పుడు రెండో మెట్టు మునిగింది’ అంటే చాలు. దానికి పాచికలు అక్కర్లేదు.

సైన్యానికంతటికీ ఒకటే మనసు

శవసైన్యానికి ఆకలి లేదు, నిద్ర లేదు, జీతం అడగదు. కానీ దానికి సొంత బుద్ధీ లేదు. 2014 నియమాల్లో ‘యానిమేట్ డెడ్’ చదివి చూడండి. మాంత్రికుడు తన 60 అడుగుల లోపలున్న శవాలకే ఆజ్ఞ ఇవ్వగలడు. ఒకేసారి పలు శవాలకు ఆజ్ఞ ఇస్తే అన్నింటికీ ఒకే ఆజ్ఞ. ఆజ్ఞ లేకపోతే అవి తమ మీదికొచ్చినవాళ్లను ఎదుర్కోవడం తప్ప ఏమీ చెయ్యవు. 24 గంటలు దాటేలోగా మంత్రం మళ్లీ వెయ్యకపోతే మాట వినడమే మానేస్తాయి. ఆజ్ఞ మనసుతో ఇచ్చేది కాబట్టి మాంత్రికుడి నోరు కట్టేసి లాభం లేదు. అతణ్ని అక్కణ్నుంచి కదిలించాలి.

ఇందులో నాలుగైదు సెషన్లకు సరిపడా కథ ఉంది. ఆటగాళ్లు ముందుగా ఈ నియమాన్ని కనిపెట్టాలి. నది అవతల శవాలు కదలకుండా నిలబడి ఉన్నాయి, ఎందుకు? నిన్న ఊరి మీద పడినవి ఈ రోజు ఒకదాన్నొకటి గుద్దుకుంటున్నాయి, ఎందుకు? సమాధానం దొరికితే వాళ్లు సైన్యాన్ని వదిలి మనిషిని వెతుకుతారు. అతడు రోజూ ఏ వేళకు మంత్రం వేస్తాడు, అప్పుడు ఎక్కడుంటాడు, శవాలు ఎవరు తెచ్చిస్తారు అని ఆరా తీస్తారు. గూఢచారికి, దొంగకు, మాటకారికి పని దొరుకుతుంది.

మనకు ఈ యుద్ధనీతి చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆదిపర్వంలో దేవతలు చంపిన రాక్షసులను శుక్రాచార్యుడు మృతసంజీవనితో లేపుతూ ఉంటాడు. దేవతల వైపు చచ్చినవాళ్లు చచ్చినట్టే. ఇంకా గట్టిగా కొట్టడం వల్ల ఫలితం లేదని తెలిశాక దేవతలు చేసిన పని, బృహస్పతి కొడుకు కచుణ్ని శుక్రుడి దగ్గరికే శిష్యుడిగా పంపడం. రాక్షసులు అతణ్ని చంపి, బూడిద చేసి, ఆ బూడిదను కల్లులో కలిపి గురువుకే తాగించారు. కచుడు గురువు కడుపులోనే విద్య నేర్చుకుని, బయటికొచ్చి గురువును బతికించాడు. ఆ కథలో దేవయాని ప్రేమ ఉంది, గురుశిష్యుల బంధం ఉంది, మోసం ఉంది, చివర శాపం ఉంది. హైదరాబాద్‌లోనైనా డాలస్‌లోనైనా తెలుగువాళ్లు ఈ ఆట నడిపేటప్పుడు ఇంతకన్నా మంచి నమూనా వెతుక్కోనక్కర్లేదు. శవమాంత్రికుడి దగ్గర శిష్యరికానికి చేరమని ఆటగాళ్లకు అవకాశమివ్వండి. రహస్యం దొరికేనాటికి ఆ గురువు మీద వాళ్లకు అభిమానం పుట్టి ఉంటే యుద్ధం బరువు రెట్టింపవుతుంది.

మాంత్రికుడు స్వయంగా చావును దాటినవాడైతే, అంటే ఈ ఆటలో ‘లిచ్’ అయితే, అతడి ప్రాణం ఒక పెట్టెలోనో నగలోనో ఉంటుంది. అది పగలకుండా ఒంటిని ఎన్నిసార్లు నరికినా, అయిదో ఎడిషన్ లెక్కన 1 నుంచి 10 రోజుల్లో కొత్త ఒళ్లు వచ్చేస్తుంది. మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉందని బాలనాగమ్మ కథలో విన్నవాళ్లకు ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆ కథ డీఎంకు నేర్పే పాఠం ఒకటుంది. చిలక ఎక్కడుందో పాచికల వల్ల తెలియకూడదు. ఎవరో ఒకరు మాట్లాడి, నమ్మించి, రాబట్టాలి.

ఆ ఎముకలు ఎవరివి?

జాంబీ అనే ఊహ హైతీ నుంచి వచ్చింది. ఫ్రెంచివాళ్ల పాలనలో అక్కడి చెరకు తోటల్లో ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసలు చచ్చేదాకా పనిచేశారు. వాళ్లు తిరగబడి పోరాడి 1804లో స్వాతంత్ర్యం సాధించారు. చచ్చాక కూడా ఒళ్లు తనది కాకపోవడం, సమాధి నుంచి లేపి మళ్లీ తోటలో పనికి పెట్టడం, అదీ అక్కడి జాంబీ కథల్లోని భయం. 1932 నాటి ‘వైట్ జాంబీ’ సినిమాలో బేలా లుగోసి మిల్లులో చెరకు ఆడేది శవాలే. మనిషిని కరిచే జాంబీలు సినిమాల్లోకి వచ్చింది చాలా తర్వాత.

ఈ చరిత్ర తెలిస్తే శవమాంత్రికుడి దుర్మార్గం ఏమిటో స్పష్టమవుతుంది. చంపడం అందరు దుర్మార్గులూ చేసేదే. చచ్చినవాడి చేతుల్ని, చచ్చినవాడి సమ్మతి లేకుండా వాడుకోవడం ఇతడి ప్రత్యేకత. పాత్‌ఫైండర్ ప్రపంచంలో గెబ్ అనే దేశం ఉంది. అక్కడి పొలాల్లో జాంబీలు పనిచేస్తాయి, పండిన పంట బతికున్నవాళ్ల దేశాలకు ఎగుమతి అవుతుంది. మీ వీరులు ఆకలితో ఉన్న ఊరికి ధాన్యం తెచ్చారనుకోండి. బస్తా మీద గెబ్ ముద్ర ఉంది. తింటారా? ఒక్క కత్తి దుయ్యకుండా మొత్తం సాయంత్రం నడిచే చర్చ అది.

నియమాల్లోనూ ఒక చక్కటి కీలకం దాగి ఉంది. ‘స్పీక్ విత్ డెడ్’ అనే మంత్రంతో శవాన్ని అయిదు ప్రశ్నలు అడగొచ్చు. షరతుల్లో రెండు ఇవి: శవానికి నోరు మిగిలి ఉండాలి, అది లేపిన శవం కాకూడదు. ఈ రెండో షరతు మీద కాసేపు ఆలోచించండి. హత్య చేసినవాడు శవాన్ని లేపేస్తే సాక్షి నోరు మూసుకుపోయినట్టే. అంటే శవమాంత్రికుడు సైన్యం కోసమే శవాలను లేపుతున్నాడని అనుకోనక్కర్లేదు. వాటిలో ఒకటి చెప్పగలిగిన రహస్యం ఎవరికీ చేరకూడదని మిగతా నలభైనీ లేపి ఉండొచ్చు. ఏ శవాన్ని దాస్తున్నాడో కనిపెట్టడమే అప్పుడు కథ.

చందమామలో చదివిన భేతాళ కథల మూలం కూడా ఇక్కడికే తీసుకొస్తుంది. కథాసరిత్సాగరంలో ఒక శవాన్ని తెమ్మని రాజును పంపిన భిక్షువు నిజానికి రాజునే బలి ఇవ్వాలని చూస్తాడు. ఆ సంగతి రాజుకు చెప్పేది శవంలోని భేతాళుడే. భుజాన మోసుకెళ్తున్న శవం మాట్లాడింది కాబట్టి రాజు బతికాడు, మాంత్రికుడు చచ్చాడు.

ఇది బల్ల దగ్గర ఎలా పనికొస్తుంది? గుంపులో ఒకటి రెండు శవాలకు గుర్తు పెట్టండి. ఒక అస్థిపంజరం వేలికి ఊరి సర్పంచ్ ఉంగరం ఉంది. ఒక జాంబీ భుజాన ఇంకా చేపల బుట్ట వేలాడుతోంది. దెబ్బ కొట్టబోయిన యోధురాలు చెయ్యి ఆపుతుంది. యుద్ధం ముగిశాక ఆ ఉంగరం ఎవరికి ఇవ్వాలన్న మాట వస్తుంది. పూడ్చాలా, కాల్చాలా, ఏ మంత్రం చదవాలి, ఎవరు ఏడుస్తారు? ఈ ప్రశ్నలు వచ్చినప్పుడు శవాలు మళ్లీ మనుషులవుతాయి.

మన జట్టులోనే ఒక శవమాంత్రికుడు

ఇక కష్టమైన సంగతి. ఒక స్నేహితుడు తానే శవమాంత్రికుడు (నెక్రోమాన్సర్) అవుతానంటాడు. వద్దనడం తేలిక. కానీ చావును ఎదిరించాలన్న కోరిక కథకు మంచి విత్తనం. సరే అనండి, లెక్క ముందే మాట్లాడుకోండి.

2014 నియమాల్లో ఆరో లెవెల్ విజార్డ్‌కు మూడో స్థాయి స్పెల్ స్లాట్లు, అంటే ఆ స్థాయి మంత్రాలు వేసే అవకాశాలు, 3. ఒక్కో స్లాట్‌తో అప్పటికే లేపిన నాలుగింటి మీద అదుపు నిలుపుకోవచ్చు. మూడు స్లాట్లూ దానికే పెడితే 12 శవాలు. ఆ స్లాట్లు వాడేసినవాడి దగ్గర అదే స్థాయి ‘ఫైర్‌బాల్’కు స్లాట్ మిగలదు. ఖర్చు అక్కడే ఉంది. 2003 నాటి 3.5 ఎడిషన్‌లో శవం బలాన్ని బట్టి హిట్ డైస్‌కు 25 బంగారు నాణేల చొప్పున నల్ల ఓనిక్స్ రాళ్లు కూడా అర్పించాలి. ఆ పాత నియమాన్ని తిరిగి తెచ్చుకున్నా సైన్యం మితంగా ఉంటుంది.

సమయం విషయంలో ఒప్పందం ఇలా ఉండొచ్చు. శవాలన్నింటికీ కలిపి ఒక వంతు, ఒక గుంపు లెక్క. తన వంతు వచ్చేలోగా ఏం చెయ్యాలో అతడు నిర్ణయించుకుని ఉండాలి. అదీ భారమనిపిస్తే 2020లో ‘టాషాస్ కాల్డ్రన్ ఆఫ్ ఎవ్రీథింగ్’ తెచ్చిన ‘సమన్ అన్‌డెడ్’ మంత్రం ఉంది. గుంపుకు బదులు ఒకే ఒక్క ప్రేతం వస్తుంది, మంత్రం వేసిన స్లాట్ స్థాయితో దాని బలం పెరుగుతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చిన పద్ధతి వేరు. శవాలను జట్టులోని మిగతావాళ్లకు పంచండి. ఒక అస్థిపంజరాన్ని దొంగ పాత్రధారి నడుపుతాడు, దానికి బతికున్నప్పటి పేరు పెడతాడు. ఒక జాంబీని యోధురాలు నడుపుతుంది. సైన్యం ఒకరి సొత్తుగా ఉన్నంతసేపూ మిగతావాళ్లు ప్రేక్షకులు. పంచుకున్నాక అందరి నోళ్లకూ పని.

లోకం స్పందన కూడా ఉండాలి. శవాలతో ఊరి గేటు దగ్గరికొస్తే కాపలావాడు ఆపుతాడు. సంతలో ఒక ముసలామె తన కొడుకు ముఖాన్ని గుర్తుపడుతుంది. అయితే ఇదంతా ఆటగాణ్ని శిక్షించడానికి కాకూడదు. ప్రతి ఊళ్లోనూ కారాగారమే ఎదురైతే అతడి కోరికను దొడ్డిదారిన వద్దన్నట్టే. సమాధానం చెప్పుకునే దారి ఉంచండి. చనిపోయేముందు ‘నా ఎముకలు మా ఊరిని కాపాడనీ’ అని ఒప్పందం రాసిచ్చిన ముసలి సైనికులుంటే? అప్పుడు తప్పొప్పులు తేల్చుకోవడం జట్టు పని.

ఆటకు కూర్చునే ముందు

శవాలు కథలో ఉన్నా, చావు బల్ల దగ్గరున్నవాళ్ల ఇళ్లలోకీ వచ్చి ఉంటుంది. అందుకే తొలి ఆటకు ముందు ‘సెషన్ జీరో’ కూర్చోవాలి. ఏ సంగతులు అసలు రాకూడదు, ఏవి వర్ణించకుండా దాటెయ్యాలి అని మాట్లాడుకోవాలి. పిల్లల శవాలు, కుళ్లిన దేహాల వర్ణన, ఆటగాడి పాత్ర కన్నవాళ్లను లేపడం లాంటివి ముందే అడగాల్సినవి. ఆట మధ్యలో ఇబ్బంది అనిపిస్తే తాకడానికి బల్ల మీద ‘ఎక్స్ కార్డ్’ ఉంచితే, కారణం చెప్పకుండానే ఎవరైనా ఆ సన్నివేశాన్ని ఆపగలరు. ఇంట్లో ఇటీవల ఎవరైనా పోయిన స్నేహితుడు ఉంటే శవసైన్యాన్ని వాయిదా వెయ్యండి. డ్రాగన్లు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి.

సిద్ధం కావాల్సింది ఇంకొకటే. శ్మశానం పటం గీసే ముందు ఒక కాగితం మీద మూడు పేర్లు రాసుకోండి. ఆ మూడు శవాలు బతికున్నప్పుడు ఏం చేసేవారు, ఎలా చనిపోయారు, ఎవరు ఇంకా వాళ్లకోసం చూస్తున్నారు అన్నది ఒక్కో వాక్యంలో ఉంటే చాలు. మిగతా శవాలకు పట్టిక ఉంది, గుంపు లెక్క ఉంది, అవి పది సెకన్లలో తేలిపోతాయి. మిగిలిన సాయంత్రమంతా ఆ మూడు పేర్ల గురించి మీ స్నేహితులు మాట్లాడుకుంటారు.